స్క్రూ తిప్పే ముందు

కార్బురేటర్ పక్కన ఎయిర్ స్క్రూ అనే ఒక చిన్న ఇత్తడి స్క్రూ ఉంటుంది. చేతికి తేలిగ్గా అందుతుంది. చిన్న స్క్రూ డ్రైవర్ ఉంటే చాలు, తిరుగుతుంది. తిప్పిన మరుక్షణం ఇంజిన్ శబ్దం మారుతుంది. అందుకే బండి సరిగ్గా నడవనప్పుడు అందరి చెయ్యీ ముందు దాని మీదికే పోతుంది. ‘కాస్త ట్యూనింగ్ చెయ్యన్నా’ అని షెడ్డులో అడిగితే చాలాసార్లు జరిగేదీ అదే. చాలాకాలంగా ఇంటి వరండాలో పాత బళ్ల కార్బురేటర్లు విప్పి, కడిగి, బిగించి, నడిపి చూసుకుంటున్న నాకు మాత్రం ఆ స్క్రూ విషయంలో ఒక గట్టి అభిప్రాయం ఏర్పడింది. అది చిట్టచివర ముట్టుకోవలసిన వస్తువు. దాన్ని ముందే ముట్టుకుంటే బండికి ఉన్న జబ్బు తగ్గదు, కనపడకుండా పోతుంది. కనపడని జబ్బు కనపడే జబ్బు కంటే ఎప్పుడూ చెడ్డదే.

ఈ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే ఆ గుప్పెడంత పరికరం చేసే పనేమిటో చూడాలి. పెట్రోలు ద్రవంగా ఉన్నంతసేపూ ఇంజిన్‌లో సరిగా కాలదు. సన్నని తుంపరగా మారి, గాలిలో తగిన పాళ్లలో కలవాలి. బరువు లెక్కన ఒక గ్రాము పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి. దీన్ని లీటర్లలోకి మార్చి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒక్క లీటరు పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. పాత బుల్లెట్ 350నే తీసుకుందాం. దాని సిలిండర్ 346 సీసీ. యాక్సిలేటర్ పూర్తిగా తిప్పినా ఒక్కో పీల్పుకు దానికి కావలసిన పెట్రోలు మిల్లీలీటరులో ఇరవై అయిదో వంతుకు మించదు. కంట్లో వేసుకునే మందు ఒక చుక్క ఎంతో, ఇంచుమించు అంత. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే ఇంజిన్ అలాంటి పీల్పులు సెకనుకు 25 తీసుకుంటుంది. ప్రతి పీల్పుకూ ఆ చుక్క సమయానికి అందాలి, తుంపరై అందాలి, గాలి తగ్గితే తగ్గాలి, పెరిగితే పెరగాలి. ఇంత పనీ చేయడానికి అందులో బ్యాటరీ లేదు, సెన్సర్ లేదు. కొన్ని సన్నని రంధ్రాలు, ఒక సూది, పెట్రోలులో తేలే ఒక ఫ్లోటు, పైకీ కిందికీ జరిగే ఒక స్లైడు. అంతే.

ఇంజిన్ పెట్రోలును లాక్కుంటుందని మనం అనుకుంటాం. లాగేది ఎవరూ లేరు, నెట్టేది బయటి గాలి. ఇరుకైన దారిలో గాలి వేగం పెరిగితే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. శాస్త్రవేత్త బెర్నూలీ 1738లో అచ్చువేసిన గ్రంథంలోనూ, ఇటలీ శాస్త్రవేత్త వెంటూరి 1797లో ప్రకటించిన ప్రయోగాల్లోనూ ఉన్న సంగతి ఇదే. కార్బురేటర్ గొంతు ఇరుకుగా ఉండేది అందుకు. కింద ఫ్లోట్ చాంబర్‌లోని పెట్రోలు మీద మాత్రం బయటి వాతావరణం పూర్తి బరువుతో కూర్చుని ఉంటుంది. పైన ఒత్తిడి తక్కువ, కింద ఎక్కువ. పెట్రోలు జెట్ అనే సన్నని రంధ్రం గుండా పైకి లేచి, గాలి దెబ్బకు తుంపరైపోతుంది. ఇది తెలిస్తే ఒక చిన్న విషయం పెద్దదిగా కనిపిస్తుంది. ఫ్లోట్ చాంబర్‌కు గాలి తగలడానికి ఒక సన్నని గొట్టం ఉంటుంది. చాలా రోజులు కదలని బండిలో ఆ గొట్టం మూతిలో కందిరీగ మట్టితో గూడు కట్టుకుందంటే జెట్లన్నీ తళతళలాడుతున్నా పెట్రోలు సరిగా పైకి రాదు. ఏ స్క్రూ ఎటు తిప్పినా ఫలితం ఉండదు.

తుంపర చేసే ఈ పద్ధతికి వయసు తక్కువేం కాదు. బుడాపెస్ట్‌లో డొనాట్ బాంకి, యానోష్ చొంక అనే ఇద్దరు ఇంజనీర్లు 1893లో దీనికి పేటెంట్ తీసుకున్నారు. వీధిలో పూలమ్మే అమ్మాయి పూల మీద నీళ్లు చిమ్మడం చూసి వాళ్లకు ఈ ఆలోచన తట్టిందని ఒక కథ చెప్పుకుంటారు. కథ నిజమైనా కాకపోయినా వాళ్ల పని మాత్రం నిలిచింది. అదే ఏడు జర్మనీలో మైబాక్ అనే ఇంజనీరు కూడా ఇలాంటిదే తయారుచేశాడు. మద్రాసులో 1955లో మొదలైన మన బుల్లెట్, 1985లో వచ్చిన సీడీ హండ్రెడ్, ఆర్ఎక్స్ హండ్రెడ్, ఊళ్లలో ఇప్పటికీ పాలక్యాన్లు మోస్తున్న స్ప్లెండర్లు, అన్నీ ఆ తుంపర మీదే బతికాయి.

ఈ పరికరంలో నాకు అన్నిటికంటే నచ్చే విషయం దాని లోపలి పని పంపకం. యాక్సిలేటర్ వదిలేసి ఉన్నప్పుడు పెట్రోలు ఇచ్చేది పైలట్ జెట్. చాలామంది స్లో జెట్ అంటారు. అందులో రంధ్రం సాధారణంగా అర మిల్లీమీటరు కూడా ఉండదు. కాస్త తిప్పితే స్లైడు అంచున కోసిన వంపు రంగంలోకి దిగుతుంది. పావు నుంచి ముప్పావు దాకా సూదిదే పెత్తనం. అది కొస వైపు సన్నబడుతూ ఉంటుంది కాబట్టి స్లైడుతోపాటు పైకి లేచేకొద్దీ చుట్టూ సందు పెరిగి ఎక్కువ పెట్రోలు వస్తుంది. ముప్పావు దాటాక మెయిన్ జెట్‌దే చివరి మాట. ఒకదాని హద్దు ఇంకోదానిలోకి చొచ్చుకొని ఉంటుంది. పైలట్ పూర్తిగా తప్పుకోకముందే సూది అందుకుంటుంది, సూది వదలకముందే మెయిన్ జెట్ పట్టుకుంటుంది. ఈ అతుకులు బాగున్న బండి యాక్సిలేటర్ తిప్పితే ఎక్కడా ఆగి ఆలోచించదు. అతుకు చెడితే సరిగ్గా ఆ చోటే తడబడుతుంది. ఎక్కడ తడబడుతోందో చెవిపెట్టి వింటే ఏ భాగం చెడిందో సగం తెలిసిపోయినట్టే. అంటే కార్బురేటర్ తన జబ్బును దాచుకోదు, నోరు తెరిచి చెబుతుంది. వినకముందే మనం స్క్రూ తిప్పి దాని నోరు మూస్తాం.

అది ఎలా జరుగుతుందో చెబుతాను. పైలట్ జెట్‌లో నలక అడ్డుపడిందనుకోండి. సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతుంది. వెంటనే ఇంకో స్క్రూ, ఐడిల్ స్క్రూ, బిగిస్తారు. ఆ స్క్రూ చేసేదల్లా స్లైడును కొంచెం పైకి ఎత్తి పట్టుకోవడమే. స్లైడు లేవగానే సూది దగ్గర్నుంచి పెట్రోలు రావడం మొదలవుతుంది, బండి ఆగకుండా ఆడుతుంది. బాగైందనుకుంటాం. కానీ పైలట్ జెట్ అలాగే మూసుకుపోయి ఉంది, దాని పని సూది చేస్తోంది. ఇక పొద్దున్నే స్టార్ట్ కావడానికి సతాయింపు, ఎత్తు దిగుతూ యాక్సిలేటర్ వదిలితే ఇంజిన్ వేగం వెంటనే దిగకపోవడం, తగ్గిన మైలేజ్. వీటిలో ఏదీ ఆ నలకలా కనిపించదు. ప్రతిదానికీ మళ్లీ ఒక స్క్రూ వెతుకుతారు.

సూది సంగతి ఇంకా చిక్కు. వేల కిలోమీటర్లు తిరిగిన బండిలో సూది తాను దిగే గొట్టం గోడకు అదురుతూ అదురుతూ దాని రంధ్రాన్ని గుండ్రం నుంచి కోడిగుడ్డు ఆకారానికి అరగదీస్తుంది. సందు పెరిగి పెట్రోలు ఎక్కువ వస్తుంది. ప్లగ్ నల్లబడుతుంది, మైలేజ్ పడిపోతుంది. సూది తల దగ్గర గాట్లు ఉంటాయి, ఒక గాటులో చిన్న క్లిప్పు. క్లిప్పును ఒక గాటు పైకి మారిస్తే సూది అంతమేర కిందికి దిగి పెట్రోలు తగ్గుతుంది. ప్లగ్ నలుపు పోతుంది. కానీ ఆ అరుగుదల ప్రభావం ఎక్కువగా ఉండేది యాక్సిలేటర్ తక్కువగా తిప్పినప్పుడు, సందు సన్నగా ఉన్నప్పుడు. వేగం పెంచితే సందు ఎలాగూ పెద్దదే, అక్కడ అరుగుదల లెక్కలోకి రాదు. సూదిని దించిన దెబ్బ మాత్రం అక్కడే గట్టిగా తగులుతుంది. ఊళ్లో తిరిగినంతసేపూ బాగున్న బండి హైవే ఎక్కి అరవైలో పోతుంటే పెట్రోలు చాలక లోపల్లోపల వేడెక్కుతుంది. పుండు ఒకచోట, మందు ఒకచోట.

ఇలాంటివే ఇంకా ఉన్నాయి. ఇంజిన్‌కూ కార్బురేటర్‌కూ మధ్య రబ్బరు పగిలి దొంగగాలి వస్తుంటే ఎయిర్ స్క్రూ బిగించి పెట్రోలు పాలు పెంచుతారు. పెట్రోలు రాకను ఆపే ఫ్లోట్ సూది అరిగి చాంబర్‌లో పెట్రోలు మట్టం పెరిగితే అదే స్క్రూ వదులు చేసి గాలి పెంచుతారు. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో గట్టిపడి ఉంటే చిన్న నంబరు మెయిన్ జెట్ వేస్తారు. అసలు లోపం కార్బురేటర్‌లోనే లేకుండా, పాయింట్లలోనో ప్లగ్‌లోనో టాపెట్ సందులోనో ఉన్నా నింద మోసేది కార్బురేటరే. నాలుగేళ్లలో ముగ్గురి చేతులు మారిన బండిలో ఈ కప్పిపుచ్చడాలన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. మొదట కంపెనీ ఏ నంబరు జెట్ వేసింది, క్లిప్పు ఏ గాటులో ఉండేది, స్క్రూ ఎన్ని చుట్లు తెరిచి ఉండేది, ఏదీ ఎవరికీ తెలియదు. చివరికి ఒక మాట వినబడుతుంది: ‘కార్బురేటర్ పోయింది సార్, కొత్తది వేయించండి.’ పోయింది కార్బురేటర్ కాదు, దాని ఆనవాలు.

ఇందులో మెకానిక్‌లను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. బండి శబ్దం సందు మొదట్లో వినగానే జబ్బు చెప్పేసే చెవులున్న వాళ్లను నేను ఎరుగుదును, అంత చెవి నాకు లేదు. కానీ షెడ్డులో సమయం ఉండదు. ముందు ఆరు బళ్లు వరసలో ఉంటాయి, బండి తాలూకు మనిషి నెత్తిమీద నిలబడి గడియారం చూసుకుంటూ ఉంటాడు. కార్బురేటర్ పూర్తిగా విప్పి నానబెట్టి కడగడానికి పూట పడుతుంది, ఆ పూటకు తగిన కూలి ఇవ్వడానికి మనకు మనసొప్పదు. స్క్రూ తిప్పడానికి నిమిషం చాలు. మనం నిమిషానికే డబ్బిస్తాం, మనకు నిమిషం పనే దొరుకుతుంది. ఇంట్లో చేసుకోవడంలో ఉన్న అసలు లాభం డబ్బు మిగలడం కాదు. ఆదివారం పొద్దున విప్పినది సోమవారం దాకా బల్ల మీద ఉన్నా అడిగేవాళ్లు ఉండరు. జబ్బును దాని వేరు దాకా వెతకడానికి కావలసింది ముందుగా ఆ తీరికే.

తీరిక తర్వాత కావలసింది జాగ్రత్త. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేలబారున పాకుతూ పోతుంది. అందుకే ఈ పని వరండాలోనో పెరట్లోనో చెయ్యాలి. వంటింట్లో పొయ్యి, దేవుడి గదిలో దీపం, పక్కన ఎవరి నోట్లోనైనా సిగరెట్, ఇవేవీ దగ్గర్లో ఉండకూడదు. పెట్రోలు కాక్ కట్టేసి, చాంబర్ కింది స్క్రూ వదులు చేసి ఉన్న పెట్రోలంతా గాజు సీసాలోకి వంచాలి. గాజు సీసా ఎందుకంటే అడుగున చేరిన నీటి బొట్లు, తుప్పు పొడి, ట్యాంకు రంగు పెచ్చులు అందులో స్పష్టంగా కనబడతాయి. ట్యాంకు లోపల తుప్పు ఉంటే కార్బురేటర్‌ను ఎంత శుభ్రం చేసినా వారం తిరక్కుండా మొదటికి వస్తుంది. విప్పడానికి ముందు పైభాగం కడగడం కూడా ముఖ్యం. లేకపోతే తెరిచిన క్షణాన బయటి మట్టే లోపలికి పోతుంది.

విప్పేటప్పుడు మొదటి పని ఆ ఎయిర్ స్క్రూను లోపలికి తిప్పడం. మెల్లగా, కొస తగిలిందనిపించే దాకా మాత్రమే. ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రాసుకోవాలి. అది తప్పు లెక్కే కావచ్చు, కానీ ఎక్కడినుంచి బయలుదేరామో తెలియాలి. గట్టిగా బిగిస్తే దాని సన్నని కొస లోపలే విరిగిపోతుంది, లేదా రంధ్రం అంచు వెడల్పవుతుంది. ఆ తర్వాత జీవితంలో అది సరిగ్గా పట్టదు. చాంబర్ స్క్రూల విషయంలో ఇంకో సంగతి. కార్బురేటర్లు తయారుచేసిన మికుని, కైహిన్ జపాన్ కంపెనీలు. వాళ్ల ప్లస్ స్క్రూల గాడి జపాన్ ప్రమాణంలో ఉంటుంది, మామూలు స్క్రూ డ్రైవర్ కొస అందులో పూర్తిగా కూర్చోదు. జారి జారి తల అరిగిపోతుంది. పాత కార్బురేటర్లలో తలలు అరిగిన స్క్రూలు అన్ని కనిపించడానికి కారణం తొందర ఒక్కటే కాదు, కొస కూర్చోని పనిముట్టు కూడా.

తెరిచాక నేను ఎక్కువసేపు గడిపేది చూడటంలోనే. నెలల తరబడి కదలని బండిలో పెట్రోలులోని తేలిక భాగాలు ఎగిరిపోయి, మిగిలినది బంకగా మారి, లక్కలా గట్టిపడుతుంది. పుల్లటి వాసన వేస్తుంది. ఇత్తడి మీద పచ్చటి పూత, లోహపు గోడల మీద తెల్లటి పొడి. పెట్రోలుతోపాటు నీళ్లు చేరాయనడానికి అది గుర్తు. ఫ్లోట్ సూది కొసను గోటితో తడిమితే చుట్టూ చిన్న గాడి తగులుతుందేమో చూడాలి. తగిలితే అది మార్చవలసిందే, కడిగితే పోదు. పొద్దున బండి కింద పెట్రోలు మరక కనిపించేది ఆ గాడి వల్లే. కాక్ కట్టడం మరచిపోతే ఆ కారిన పెట్రోలు ఇంజిన్‌లోకి దిగి ఆయిల్‌ను పలచన చేస్తుంది కూడా. కొన్ని పాత మోడళ్లలో ఇత్తడి ఫ్లోటు ఉంటుంది. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల చప్పుడు వినిపిస్తే చిల్లి పడిందని అర్థం. వేడినీళ్లలో ముంచితే చిల్లి ఉన్నచోట బుడగలు వస్తాయి. టంకం వేస్తే మళ్లీ తేలుతుంది.

ఆ తర్వాత జెట్లు. ఒక్కొక్కటీ ఆకాశం వైపు ఎత్తి చూస్తే మధ్యలో వెలుగు గుండ్రంగా కనబడాలి. అంచు గరుకుగా ఉన్నా, ఒకవైపు నీడ ఉన్నా ఇంకా శుభ్రం కాలేదన్నమాట. ఇక్కడే చాలా కార్బురేటర్ల ప్రాణం పోతుంది. గుచ్చడానికి గుండుసూదో ఇనుపతీగో తీసుకుంటారు. ఇత్తడి మెత్తన, ఉక్కు గట్టి. 0.38 మిల్లీమీటర్ల రంధ్రం ఒక్క గీతకు 0.40 అయిందంటే దాని వైశాల్యం పదో వంతుకు పైగా పెరిగినట్టు. జెట్ మీద నంబరు అదే ఉంటుంది, లోపల జెట్ మాత్రం వేరేది. నానబెట్టి, ఊది, తప్పనిసరైతే కరెంటు వైరులోని సన్నని రాగి పోగుతో మాత్రమే తడమాలి. కొందరు ఇత్తడి కదా అని చింతపండు పులుసులోనో నిమ్మరసంలోనో వేస్తారు. మన ఇళ్లలో ఇత్తడి బిందెలు తోమేది దానితోనే కాబట్టి ఆ ఆలోచన సహజం. ఇత్తడి జెట్ వరకు నష్టం లేదు, మెరుస్తుంది. కానీ కార్బురేటర్ ఒళ్లంతా జింకు, అల్యూమినియం కలిసిన పోత. పులుపు దాన్ని తినేస్తుంది.

అన్నిటికంటే ఓపిక కావలసింది గోడల లోపలి దారులకు. గొంతులో, స్లైడుకు ఇంజిన్ వైపున, రెండు సన్నని రంధ్రాలు పక్కపక్కనే ఉంటాయి. పైలట్ దారి తెరుచుకునేది అక్కడే. స్ప్రే క్లీనర్ గొట్టం స్లో జెట్ కూర్చునే చోట పెట్టి నొక్కితే ఆ రెండింట్లోంచీ ధార రావాలి. ఒక దానిలోంచి వచ్చి రెండోదానిలోంచి రాకపోతే పని కాలేదు. కంటికి అద్దాలు లేకుండా ఇది చెయ్యకూడదు, ధార ఎటునుంచి తన్నుకొస్తుందో ముందే తెలియదు. రబ్బరు ముక్కలన్నీ అప్పటికే తీసి పక్కన పెట్టి ఉండాలి, ఆ మందుకు అవి ఉబ్బిపోతాయి. పల్సర్, యూనికార్న్ లాంటి వాటిలో స్లైడును పైకి లేపే రబ్బరు పొర ఉంటుంది. దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని సూదిమొన చిల్లి కూడా లేదని చూసుకోవాలి. పంక్చర్ షాపు గాలి దొరికితే మంచిది, లేకపోతే సైకిల్ పంపు. బయట మెరిసేలా తోమి లోపల ఈ రెండు రంధ్రాలు చూడకుండా బిగించిన కార్బురేటర్‌కు పైన పటారం, లోన లొటారం అనే మాట సరిగ్గా సరిపోతుంది.

మళ్లీ బిగించేటప్పుడు పెట్రోలు మట్టం చూసుకోవాలి. జెట్లన్నీ ఎంత పైకి పెట్రోలును ఎత్తాలో నిర్ణయించేది ఆ మట్టమే. దాన్ని చూడటానికి ఒక పారదర్శకమైన గొట్టం చాలు. చాంబర్ కింది స్క్రూ దగ్గర తగిలించి పక్కనుంచి పైకి పట్టుకుంటే లోపల ఎంత ఉందో బయట అంతే కనిపిస్తుంది. ఒక మిల్లీమీటరు తేడా కూడా బండి నడకలో తెలుస్తుంది. ఇంకో విషయం, దొరికిన రిపేర్ కిట్‌లోని ఇత్తడి ముక్కలన్నీ మార్చేయాలని నేను అనుకోను. గ్యాస్కెట్, ఓ-రింగులు, ఫ్లోట్ సూది తప్పకుండా మార్చాలి. కానీ ఎవరూ గుచ్చి పాడుచెయ్యని కంపెనీ జెట్ ఉంటే దాన్నే ఉంచుతాను. కిట్‌లో వచ్చిన జెట్ మీద కొట్టిన నంబరూ దాని రంధ్రమూ ఒకటే అని పాతదాన్ని పక్కన పెట్టి పోల్చే దాకా నమ్మను.

ఇదంతా అయ్యాక, ఎయిర్ ఫిల్టర్ శుభ్రపడ్డాక, ప్లగ్, పాయింట్లు, టాపెట్లు సరిచూసుకున్నాక, అప్పుడు ఆ స్క్రూ వంతు. చాలా కార్బురేటర్లకు ఒకటిన్నర చుట్టు దగ్గర మొదలుపెట్టవచ్చు. బండిని కొన్ని కిలోమీటర్లు నడిపి ఇంజిన్ వేడెక్కాకే చెయ్యాలి. చల్లని గోడల మీద పెట్రోలు తుంపర మళ్లీ ద్రవమైపోతుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు సరిపెట్టింది వేడెక్కాక నిలవదు. ఐడిల్ కాస్త పెంచి, ఎయిర్ స్క్రూను పావు చుట్టు తిప్పి ఆగాలి. ఇంజిన్ సర్దుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. లోపలికి పోతే ఒకచోట శబ్దం బరువెక్కి దబదబమంటుంది, బయటికి వస్తే ఒకచోట పలచబడి తడబడుతుంది. ఈ రెండు తడబాట్ల నడుమ ఒకచోట శబ్దం తేటపడి వేగం తనంతట తాను పెరుగుతుంది. అదే దాని చోటు. అక్కడ వదిలేసి ఐడిల్ తగ్గించుకోవాలి. స్క్రూ కార్బురేటర్‌కు ఇంజిన్ వైపున ఉన్న మోడళ్లలో అది గాలిని కాక పెట్రోలు మిశ్రమాన్ని అదుపు చేస్తుంది, తిప్పవలసిన దిశ తారుమారవుతుంది. ఏ బండికి ఎటో ముందే తెలుసుకోవాలి.

లోపలంతా బాగున్న కార్బురేటర్‌లో ఈ పని అయిదు నిమిషాల్లో అయిపోతుంది. స్క్రూ ఆ కంపెనీ చెప్పిన చుట్లకు అటూ ఇటూగానే ఆగుతుంది. అలా ఆగకుండా మూడు చుట్లు తిప్పినా శబ్దం మారకపోతేనో, పూర్తిగా బిగించినా బండి హాయిగా ఆడుతుంటేనో, అక్కడ ఆగిపోవాలి. స్క్రూకు తన పరిధిలో తేల్చలేని లోపం ఇంకెక్కడో ఉందని అది చెబుతోంది. నా దృష్టిలో ఆ స్క్రూకు ఉన్న గొప్ప ఉపయోగం ఇదే. అది మందు కంటే నాడి అనిపిస్తుంది నాకు.

సర్దుబాటు అక్కర్లేదని నేను అనడం లేదు. నిజంగా బయటి పరిస్థితి మారినప్పుడు మార్చవలసిందే. హైదరాబాద్ నుంచి కార్బురేటర్ బుల్లెట్ల మీద లేహ్ వెళ్లేవాళ్లకు అక్కడ 3,500 మీటర్ల ఎత్తున గాలి పలచనై పెట్రోలు పాలు ఎక్కువవుతుంది. చిన్న జెట్ వేసుకుంటారు, దిగి వచ్చాక మళ్లీ పాతది వేసుకోవాలి. ఇంకొకటి ఇప్పుడు మనందరి గుమ్మంలోకి వచ్చింది. బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ కాలడానికి తక్కువ గాలి చాలు, ఒక గ్రాముకు 9 గ్రాములు. అందువల్ల ఈ మిశ్రమానికి సరైన పాలు 14.7 నుంచి దాదాపు 13.5కు దిగుతుంది. పాత జెట్ల గుండా అదే కొలత ద్రవం వస్తుంది కాబట్టి పాత బండికి ఇంధనం పాలు చాలనట్టవుతుంది. పైగా ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దాన్ని దృష్టిలో పెట్టుకోకుండా చేసిన పాత రబ్బరు ముక్కలను పాడుచేస్తుంది. ఇక్కడ సూదిని ఒక గాటు పైకి లేపడం, మెయిన్ జెట్ ఒక నంబరు పెంచడం కప్పిపుచ్చడం కాదు. కారణం తెలిసి చేస్తున్న మార్పు. కారణం తెలియాలంటే కార్బురేటర్ ముందు శుభ్రంగా, తన అసలు స్థితిలో ఉండాలి కదా. లేకపోతే మురికితో పాలు తగ్గిందో ఇథనాల్‌తో తగ్గిందో ఎలా చెప్పగలం?

రాజ్‌దూత్ 350 ఉన్నవాళ్ల సంగతి ఇంకా వేరు. 1983లో వచ్చిన ఆ బండికి రెండు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు. యాక్సిలేటర్ తిప్పగానే రెండు స్లైడులూ ఒకే క్షణాన లేవాలి. రెండు గొంతుల్లో రెండు వేళ్లు పెట్టి, మెల్లగా తిప్పుతూ, ఏది ముందు కదిలిందో చర్మంతో కనిపెట్టి కేబుల్ సరిచేసేవాళ్లున్నారు. అంత సున్నితమైన సర్దుబాటు మీద నాకు ఎంతో గౌరవం. అదీ రెండూ శుభ్రంగా, ఒకే జెట్లతో, ఒకే మట్టంతో ఉన్నప్పుడే కుదురుతుంది.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అమల్లోకి వచ్చాక కొత్త బళ్లలో కార్బురేటర్ దాదాపు కనుమరుగైంది. ఇప్పుడు సెన్సర్ పొగను చూసి చెబుతుంది, కంప్యూటర్ క్షణక్షణం పెట్రోలు సరిచేస్తుంది. గాలికి అది మంచిదే, మన ఊపిరితిత్తులకూ మంచిదే, ఆ మార్పు రావలసిందే. అయితే అది కూడా లోపాన్ని కొంతదూరం తనలో కలిపేసుకుని సర్దుబాటు చేస్తూ పోతుంది, హద్దు దాటాకే దీపం వెలిగిస్తుంది. కాకపోతే ఎంత సర్దిందో లోపల రాసి పెట్టుకుంటుంది, మీటరు తగిలిస్తే చదవొచ్చు. కార్బురేటర్ బళ్లకు లేనిది ఆ రాత ఒక్కటే. దాన్ని మనం రాయాలి.

అందుకే పని పూర్తయిన ప్రతి బండికీ ఒక కాగితం రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, పనిముట్ల డబ్బాలో ఉంచుతాను. మెయిన్ జెట్ నంబరు, పైలట్ జెట్ నంబరు, క్లిప్పు పైనుంచి ఎన్నో గాటు, స్క్రూ ఎన్ని చుట్లు, పెట్రోలు మట్టం ఎంత, ఏ పెట్రోలు, ఏ తేదీ. ఏది మార్చానో, ఎందుకు మార్చానో ఒక వాక్యం. బండిని నెలకు మించి వాడకపోతే చాంబర్ ఖాళీ చెయ్యమని చివర ఒక మాట. మా వీధి చివరి షెడ్డు కుర్రాడు ఈ మధ్య నా బుల్లెట్‌కు ఎయిర్ ఫిల్టర్ మార్చినప్పుడు ఆ కాగితం తీసి చదివి, కింద తన అక్షరాలతో ఫిల్టర్ మార్చిన తేదీ రాశాడు. స్క్రూ ముట్టుకోలేదని కూడా రాశాడు.